వినికిడి నేర్చిన రంపము

మంచు ఇంకను వీడని స్వీడన్ అడవిలో, తెల్లవారుచుండగా, చెట్లు కొట్టువాడు చేయు మొదటి పని రంపమును చెట్టునకు ఆనించుట కాదు. గొలుసురంపమును మోడుపై నుంచి, ఇంజనును కొంతసేపు వేడెక్కనిచ్చి, మీట నొక్కి పూర్తి వేగమున త్రిప్పి, చెవి యొగ్గి వినును. ఆ హోరులో సన్నని గరగర యొకటి వినవచ్చినచో తృప్తిపడును. గరగర లేక ధ్వని ఈలవలె పదునెక్కినచో వెంటనే మీటను విడిచిపెట్టి, జేబులోని చిన్న స్క్రూడ్రైవరు తీసి, కార్బురేటరు మరను ఎనిమిదవవంతు చుట్టు వదులుచేసి మరల వినును. కచేరికి ముందు గాయకుడు తంబురను శ్రుతి చేసికొనునట్లు, ఇతడు తన రంపమును శ్రుతి చేసికొనును. ఈ విద్య పుస్తకములలో కొద్దిగాను, పెద్దవారి ప్రక్కన నిలిచి వినుటవలన విశేషముగాను అబ్బెడిది.

ఇటీవలి ఏండ్లలో ఆ మరయే లేని రంపములు అడవులలో ప్రవేశించినవి. వానియందు శ్రుతి చేయు పని మనుష్యుని చెవినుండి అగ్గిపెట్టెయంత ఎలక్ట్రానిక్ పేటికకు మారినది. పైకి ఈ మార్పు స్వల్పముగ కనబడును. కాని ఒక వృత్తి తన విద్యలో కొంత భాగమును యంత్రమునకు ఒప్పగించినపుడు మనుష్యునకు మిగులునది యేమి, చేజారునది యేమి అను ప్రశ్న ఇందు ఇమిడియున్నది. బడిలో పాఠము చెప్పువారికిని, వినువారికిని ఆ ప్రశ్న దూరమైనది కాదు.

గాలి, ఇంధనము, ధ్వని

గొలుసురంపపు ఇంజను ఒకప్పుడు మన వీథులలో తిరిగిన స్కూటర్ల ఇంజను జాతిదే. దానిని టూస్ట్రోక్ ఇంజను అందురు. అందు ఇరుసు తిరిగిన ప్రతి చుట్టునకును ఒక పేలుడు సంభవించును. నిముషమునకు 12,000 చుట్లు తిరుగునపుడు సెకనునకు 200 పేలుళ్లు. ఒక దానికిని మరియొక దానికిని నడుమ నుండు వ్యవధి సెకనులో 200వ వంతు మాత్రమే. ఇంత వేగమున తిరుగు ఇంజనులో నూనె నింపిన అర వేరుగా లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయుదురు. నేటి రంపములలో సాధారణముగ 5 లీటర్ల పెట్రోలునకు 100 మిల్లీలీటర్ల నూనె కలుపుదురు. కావున లోనికి పోవు పెట్రోలు శక్తి నిచ్చుటయే గాక, నూనెను మోసికొనిపోయి పిస్టనును కాపాడును, ఆవిరియగుచు చల్లబరచును.

పెట్రోలు చక్కగా కాలుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్లు గాలి కావలయును. ఒక లీటరు పెట్రోలునకు దాదాపు 9,000 లీటర్ల గాలి యన్నమాట. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనచో మిశ్రమము పలుచన యగును. ఇంజను మరింత వేగముగ, మరింత తేలికగ తిరుగును. ఆ ధ్వని కొత్తవాని చెవికి ఇంపుగానుండును. ఇప్పుడు రంపము బాగుగ పలుకుచున్నదని అతడు సంతసించును. కాని లోపల నూనె చాలక, వేడి హెచ్చి, పిస్టను సిలిండరు గోడకు ఒరసికొని గీతలుపడి, కొద్ది నిముషములలో బిగిసిపోవచ్చును. దీపము ఆరిపోవుటకు ముందు ఒక్కసారి పెద్దదిగ వెలిగినట్టిది ఆ హుషారు.

పెట్రోలు ఎక్కువైనచో మిశ్రమము దట్టమగును. అప్పుడు పొగ వచ్చును, బలము తగ్గును, మసి పేరుకొనును. మేలైన స్థితి ఈ రెండింటి నడుమ, దట్టము వైపునకు ఒక్క పిసరు మొగ్గి యుండును. ఆ స్థితిలో రంపము గాలిలో ఉత్తిగ తిరుగునపుడు కొన్ని పేలుళ్లు తప్పిపోవును, గరగరమని ధ్వనించును. పళ్లు కొయ్యలో దిగి బరువు పడిన వెంటనే ఆ గరగర మాయమై ధ్వని నునుపెక్కును. అనుభవశాలి వెదకునది ఈ మార్పునే. ఉత్తిగ తిరుగునపుడు గరగర, కోతలో నునుపు: ఇదియే ఆ వృత్తిలోని శ్రుతిశుద్ధి.

ఐనను ఒకసారి చేసిన శ్రుతి నిలుచునది కాదు. కార్బురేటరునకు గాలిని తూచు శక్తి లేదు. తన ఇరుకు గొంతులో గాలి పరుగెత్తినపుడు కలుగు పీడనభేదమును బట్టి అది పెట్రోలును పీల్చును, అంతే. గాలి బరువో, నిలకడ లేనిది. 30 డిగ్రీల వేసవిగాలికంటె సున్నకు దిగువ 20 డిగ్రీల చలిగాలి సుమారు అయిదవవంతు అధికముగ సాంద్రమైనది. కావున వేసవిలో శ్రుతి చేసిన రంపము శీతకాలమున పలుచన మిశ్రమముతో తిరిగి, తన్ను తాను కాల్చుకొనును. సముద్రమట్టమునకు 2,000 మీటర్ల ఎత్తుననో గాలి సాంద్రత అయిదవవంతునకు దగ్గరగ తగ్గును. అచ్చట అదే రంపము పొగలు గ్రక్కుచు మూలుగును. పొట్టు చేరి గాలి జల్లెడ మూసికొనిపోయినను, పెట్రోలు రకము మారినను శ్రుతి తప్పును. అందువలన ఆల్ప్స్ వంటి కొండలలో పనిచేయువాడు లోయలో ఒక తీరుగ, శిఖరముపై మరియొక తీరుగ మరను సవరించుకొనక తప్పెడిది కాదు.

చెవిని ఏమరించిన కాలము

గొలుసురంపము చరిత్ర పొడుగునను, మోసెడి బరువును తగ్గించుకొను ప్రయత్నమే ప్రధానముగ కాననగును. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఆండ్రియాస్ ష్టీల్ 1926లో ఇద్దరు మనుష్యులు పట్టుకొనవలసిన విద్యుత్తు రంపమును నిర్మించెను. దాని బరువు 64 కిలోలు. 1929లో అతడే పెట్రోలుతో నడచు రంపమును తెచ్చెను. అది 46 కిలోలు. ముప్పదియేండ్లు గడచినపిమ్మట, 1959లో, ఆ సంస్థయే విడుదల చేసిన ‘కాంట్రా’ 12 కిలోల బరువుతో ఒక మనుష్యుని చేతిలో ఇమిడినది. స్వీడన్ దేశపు హస్క్‌వర్నా సంస్థ తన తొలి గొలుసురంపమును చేసినదియు ఆ 1959లోనే. రంపమును ప్రక్కకు వంచినను తలక్రిందు చేసినను పెట్రోలు అందించు పొర కార్బురేటరు అప్పటికే వాడుకలోనికి వచ్చినది. గాలిని పెట్రోలును సరిచూచు భారము మాత్రము రెండు చిన్న మరలపైనను, వానిని త్రిప్పువాని చెవిపైనను నిలిచి యుండెను.

ఎలక్ట్రానిక్ విద్య ఈ ఇంజనులో మొదట ప్రవేశించినది నిప్పురవ్వను పుట్టించు భాగమున. పూర్వము రెండు లోహపు మొనలు తెరచుకొని మూసికొనుటవలన రవ్వ పుట్టెడిది. ఆ మొనలు అరగును, తడియును, మసిబారును. వాని స్థానమున అరుగుదల లేని ఎలక్ట్రానిక్ పేటిక వచ్చినది. అందరును సంతోషించిరి. పిమ్మట ఆ పేటికకే మరియొక పని అప్పగించిరి: ఇంజను వేగము హద్దు మీరినచో కొన్ని రవ్వలను ఆపివేసి, వేగమును అణచుట.

ఈ మేలులో ఒక చిక్కు దాగియున్నది. రవ్వలు తప్పినపుడు కలుగు ధ్వనియు గరగరయే! మిశ్రమము దట్టమై పలుకు గరగర యేదో, పేటిక వేగమును అణచుటవలన కలుగు గరగర యేదో తెలిసికొనుట కష్టమైనది. రంపము చక్కని శ్రుతిలో నున్నదని చెవి చెప్పును. లోపల మిశ్రమము ప్రాణాపాయమగునంత పలుచనై యుండవచ్చును. ఎన్నో యేండ్ల అభ్యాసమున సంపాదించిన వినికిడిని ఆ చిన్న పేటిక ఈ విధముగ ఏమరించినది. అప్పుడు జాగ్రత్త గలవారు చెవిని మాత్రమే నమ్మక, చుట్లను లెక్కించు టాకోమీటరును చేతబట్టిరి.

ఇంతలో చట్టములును వచ్చినవి. టూస్ట్రోక్ ఇంజనులో పాత మిశ్రమము బయటికి పోవు ద్వారమును, కొత్తది లోనికి వచ్చు ద్వారమును కొంతసేపు కలిసి తెరచియుండును. అందువలన కాలని పెట్రోలులో గణనీయమైన భాగము అట్లే పొగగొట్టమునుండి వెలికి పోవును. అడవిలో దినమంతయు రంపము పట్టువాడు పీల్చునదియు ఆ గాలినే. అమెరికా ప్రభుత్వము చిన్న ఇంజనుల పొగపై 1997 మొదలు నియమములు అమలుపరచెను. ఐరోపాలో 2002లో ఆదేశము వెలువడెను. నిర్మాతలు మిశ్రమమును పలుచన చేసిరి. కార్బురేటరు మరలు కొద్దిగా తప్ప తిరుగకుండ టోపీలు తొడిగిరి. రంపము పలుచన మిశ్రమము అంచున నడువవలసి వచ్చినది. సవరించువాని చేతికి స్వేచ్ఛ తగ్గినది. గట్టు సన్నగిల్లినకొలది దానిపై నడచువానికి ఎక్కువ జాగ్రత్త కావలయును. ఆ జాగ్రత్తను అనుక్షణము వహింపగల వేరొక కాపరి కొరకు ఇంజనీర్లు వెదకిరి.

నాడి చూచు పేటిక

2010 పరిసర సంవత్సరములలో హస్క్‌వర్నా ‘ఆటోట్యూన్’ అను పేరిటను, ష్టీల్ ‘ఎం-ట్రానిక్’ అను పేరిటను అట్టి కాపరిని రంపములలో అమర్చినవి. వివరములు వేరైనను రెండింటి మూలసూత్రము ఒక్కటే. కార్బురేటరులోని మరలకు బదులు విద్యుదయస్కాంతముచే తెరచుకొని మూసికొను చిన్న సొలినాయిడ్ కవాటము ఉండును. ఎప్పుడెంత తెరువవలెనో మైక్రోప్రాసెసరు ఆజ్ఞాపించును.

ఆశ్చర్యమేమనగా ఈ రంపమునకు బ్యాటరీ లేదు. త్రాడు లాగి ఇంజనును త్రిప్పినపుడు ఫ్లైవీలు అను బరువైన చక్రములోని అయస్కాంతములు తీగచుట్టల ప్రక్కగా పోవును. ఆ తీగలలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్నట్టియు, పిల్లలు పదవ తరగతి పుస్తకములో చదువునట్టియు విద్యుదయస్కాంత ప్రేరణమే ఇది. రవ్వను రగిలించు విద్యుత్తును, ఆలోచించు పేటికకు కావలసిన విద్యుత్తును ఆ చక్రమే ఇచ్చును.

పేటికకు చెవి లేదు. అది వినునది కాలమును. చక్రము ఒక చుట్టు తిరుగుటకు ఎంత వ్యవధి పట్టినదో ప్రతి చుట్టునకును కొలుచును. పూర్తి వేగమున అట్టి కొలతలు సెకనునకు రెండువందలు. తరువాత అది చేయు పని వైద్యుడు నాడి చూచుటను పోలియుండును. క్షణకాలము పెట్రోలును కొంచెము మార్చి, వేగమెట్లు మారునో కనిపెట్టును. పెట్రోలు తగ్గించినపుడు వేగము హెచ్చినచో అంతవరకు మిశ్రమము దట్టముగ నుండెనని గ్రహించును. వేగము పడిపోయినచో పలుచన యగుచున్నదని గ్రహించి వెంటనే పెంచును. ఈ పరీక్షను కోత సాగుచున్నంతసేపును మరల మరల చేయుచుండును. కొండ యెక్కినను, చలి ముదిరినను, జల్లెడ మూసికొనినను దానికి వేరుగ చెప్పనక్కరలేదు. కారణము దానికి తెలియదు. ఫలితమును మాత్రము చూచి సర్దుకొనును. రంపమును ఆపినను చివరి సవరణను జ్ఞాపకముంచుకొని, మరునాడు అచ్చటినుండియే మొదలుపెట్టును.

విచారించి చూచినచో పెద్దవాడు స్క్రూడ్రైవరుతో చేసినదియు ఇదియే. కొద్దిగా త్రిప్పుట, ఫలితమును వినుట, మరల త్రిప్పుట. ఆ పద్ధతిని పేటిక తానుగ కనిపెట్టలేదు. అడవిలో మనుష్యుడు ఏనాడో కనిపెట్టినదానిని వేగముగను, అలసట లేకయు చేయుచున్నది.

2019లో విపణికి వచ్చిన ష్టీల్ ‘ఎం.ఎస్. 500ఐ’ మరియొక మెట్టు ఎక్కినది. దానియందు కార్బురేటరే లేదు. సాధనములు అందించు కొలతలను బట్టి కావలసినంత ఇంధనమును కవాటము చిమ్మును. కార్లలో ఎన్నడో స్థిరపడిన ఈ పద్ధతి చేతిరంపములోనికి వచ్చుటకు ఇంతకాలము పట్టినది. ఏలన ఇందు బరువులో ప్రతి గ్రామును భుజము మోయవలెను. కత్తిపలక, గొలుసు కాక దాని బరువు 6.2 కిలోలు, శక్తి 5 కిలోవాట్లు. గొలుసు నిశ్చలస్థితినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు సెకనులో నాలుగవవంతు చాలునని నిర్మాతలు ప్రకటించిరి. 1926 నాటి 64 కిలోల యంత్రమును తలచుకొన్నచో ఎంత దూరము వచ్చితిమో తెలియును.

కప్పిపుచ్చిన జ్వరము

ఇది యంతయు లాభమే యని చెప్పవచ్చునా? పిస్టనులు కాలిపోవుట తగ్గినది, పొగ తగ్గినది, కొత్తగ పనిలో చేరినవాడును మంచి శ్రుతిలో నున్న రంపమును మొదటి దినముననే చేతబట్టగలుగుచున్నాడు. ఇవి నిజమైన మేళ్లు. ఐనను అనుభవజ్ఞులైన మెకానిక్కులు గుర్తించిన కీడొకటి కలదు. అది విద్యార్థులు శ్రద్ధతో గమనింపదగినది.

ఇరుసు ప్రక్కనుండు రబ్బరు కట్టు పగిలి, ఇంజనులోనికి దొంగగాలి జొరబడుచున్నదనుకొందము. మరలు గల పాత రంపములో మిశ్రమము పలుచనై ధ్వని పదునెక్కును. మీట విడిచినను వేగము వెంటనే దిగదు. చెవి గలవాడు నేడు దీని పలుకు మారినదని సందేహించి, విప్పి చూచి, పదిరూపాయల జబ్బును పదిరూపాయలతో నయము చేయును. నేర్చిన పేటిక గల రంపమో, ఆ గాలికి తగినంత పెట్రోలును పెంచి ధ్వనిని యథాప్రకారము నిలుపును. పగులు పెద్దదగుచుండును, పేటిక మరింత పెంచుచుండును. దాని సవరణకును ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటిననాడు రంపము హెచ్చరిక చాలకయే కూలబడును. మందుతో జ్వరమును అణచి, రోగమును లోపల పెరుగనిచ్చినట్లయ్యెను. సర్దుబాటు చేయగలుగుటకును, కారణమును ఎరుగుటకును నడుమ గల భేదము ఇట్టిది.

మరియొక మార్పు మరమ్మతు కొట్టులో కనబడును. పూర్వము ఒక స్క్రూడ్రైవరు, మంచి చెవి ఉన్నవాడు కొట్టు పెట్టుకొనగలిగెను. ఇప్పుడు కొన్ని రకములను పరీక్షించుటకు నిర్మాత ఇచ్చు ప్రత్యేక సాధనమును, కంప్యూటరును కావలయును. ఆ సాధనము ఇంజను ఎన్ని గంటలు తిరిగినది మొదలు ఏ లోపములు నమోదైనవో చెప్పగలదు. అది గొప్ప సౌకర్యమే. కాని అది అధికృత విక్రేత బల్లపై మాత్రమే ఉన్నచో, పట్టణమునకు దూరముగ నున్న అడవి పల్లెలో మూలపడిన రంపము బాగుపడుటకు దారి పొడవగును. విద్య యంత్రములో చేరినపుడు ఆ యంత్రపు తాళపుచెవి ఎవరి చేతిలో నుండునను ప్రశ్నయు వెంట వచ్చును.

రంపము వినలేనిది

పేటిక ఎరిగినది ఇంజనును మాత్రమే, చెట్టును ఎరుగదు. మ్రాను ఏ వైపునకు ఒరిగియున్నది, నడుమ పుచ్చినదా, పైకొమ్మలు ప్రక్కచెట్టులో చిక్కుకొన్నవా, గాలి ఎటు వీచుచున్నది, తప్పించుకొని పోవుటకు దారి యేది అను విషయములు దాని లెక్కలో లేవు. కత్తిపలక కొన పైభాగము గట్టికొయ్యను తాకినచో రంపము రెప్పపాటులో మనుష్యునివైపు ఎదురుతన్నును. ఆ ఎదురుతన్నునకు గొలుసును ఆపు బ్రేకు వేరుగ నున్నది. ఎదురుతన్ను రాకుండ పట్టుకొను పద్ధతి మనుష్యుడు నేర్వవలసినదే. ధ్వని నునుపుగ నున్నంతమాత్రాన ప్రాణము భద్రమని భ్రమపడరాదు. యంత్రము సులభమైనకొలది దానిని పట్టువాడు నిర్లక్ష్యము వహించు ప్రమాదము హెచ్చును.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు వీథుల పొడుగునను చెట్లు కూలిపడెను. ప్రాణరక్షణకును, దారులు తెరచుటకును మోటారు రంపములు పట్టిన బృందములు దిగెను. అట్టి వేళ ఏ రంపమునకైనను రెండు పరీక్షలు. మొదటిది, త్రాడు లాగిన వెంటనే పలుకుట. నెలల తరబడి ట్యాంకులో నిలువయుండి చెడిన పెట్రోలును ఏ పేటికయు మంచిది చేయలేదు; ముందుచూపుతో తీసివేసి ఉంచినవాడే గట్టెక్కును. రెండవది కూలిన చెట్టే పెట్టు పరీక్ష. వంగి బిగిసిన కొమ్మలో విల్లునందువలె బలము దాగియుండును. ఏ వైపున మొదటి కోత పెట్టవలెనో తెలియక కోసినవానిని అది విసరికొట్టును. ఆ బలమును కొలుచు సాధనము ఏ రంపములోను లేదు. కొయ్య చిటపటమను తొలి చప్పుడును విని వెనుకకు అడుగు వేయుటకు మనుష్యుని చెవియే కావలయును.

కావున చెవికి పని తప్పినదని చెప్పుటకు వీలులేదు. ఇంజనును వినుటనుండి దానికి కొంత విడుదల కలిగినది. చెట్టును వినుటకు తీరిక చిక్కినది. ఆ తీరికను సద్వినియోగము చేసికొనుట నేర్పరి లక్షణము. లెక్కల యంత్రము చేతికి వచ్చిన తరువాతను ఎక్కములు ఎందుకని పిల్లవాడు అడిగినపుడు ఉపాధ్యాయుడు చెప్పవలసిన సమాధానమును గొలుసురంపమువంటి మొరటు పనిముట్టు కూడ చెప్పుచున్నది. యంత్రము ఇచ్చిన జవాబు తప్పినదని గుర్తించుటకైనను, ఆ లెక్క ఎట్లు వచ్చునో ఒకనికి తెలిసియుండవలెను. పెద్దవారి ప్రక్కన నిలిచి గరగరకును ఈలకును భేదమును విన్న కుర్రవాడు రేపు మరలు లేని రంపమునే పట్టును. ఐనను ఏదో ఒకనాడు దాని పలుకు మారినపుడు, పేటిక ఏమియు చెప్పకున్నను, అతడు మీటను విడిచి రంపమును క్రిందికి దించును.